పావు సెకను తొందర

మా అత్త వరాలమ్మ చేతికి తొందర ఎక్కువ. అది పుట్టుకతో వచ్చింది కాదు, నేను పెట్టింది. పెట్టినందుకు నాకు జీతం ఇచ్చారు, రెండుసార్లు శాలువా కూడా కప్పారు. అందులో ఒకటి ఇప్పుడు మా ఇంట్లో మిక్సీ మీద కప్పి ఉంటుంది.

అత్త టీ గ్లాసు అందిస్తుంది. మనం పట్టుకునేలోపే ఆమె వేళ్ళు విడిపోతాయి. గ్లాసు కింద పడ్డాక, "అయ్యో, ఇచ్చేశాననుకున్నానే" అంటుంది. తేడా పావు సెకను, అంతకంటే ఎక్కువ కాదు. మా ఇంట్లో గాజు గ్లాసన్నది ఒక్కటి మిగల్లేదు.

ఇదంతా ఒక పన్నుతో మొదలైంది.

చలిసముద్రం ఒడ్డున ఉన్న ఓ దేశంలో హాల్‌స్కర్ అని చేపల కంపెనీ ఉంది. అక్కడ చేప కోసే మనిషి జీతంలో పదో వంతుకి, అంతకంటే బాగా కోసేవాళ్ళు కాకినాడలో దొరుకుతారని వాళ్ళకి తెలిసింది. చేపల్ని ఓడలో ఇక్కడికి పంపి, కోయించి, తిరిగి తీసుకెళ్ళడం దండగ. అందుకని చేపల్ని అక్కడే ఉంచి, చేతుల్ని మాత్రం ఇక్కణ్ణుంచి అద్దెకి తీసుకున్నారు. అక్కడ బల్లల ముందు నలభై యంత్రాలు, ఒక్కోదానికి రెండు ఉక్కు చేతులు. ఇక్కడ కాకినాడ జగన్నాథపురంలో ఒక హాల్లో నలభై మంది ఆడవాళ్ళు, చేతులకి తొడుగులు, కళ్ళ ముందు తెరలు. ఇక్కడ చెయ్యి తిప్పితే అక్కడ కత్తి తిరుగుతుంది.

అక్కడ ఉద్యోగాలు పోయినవాళ్ళు ఊరుకోలేదు. ఊరుకోవాల్సిన పని కూడా లేదు. వాళ్ళ ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. కంపెనీ ఏ ఉద్యోగాన్నయినా దేశం దాటిస్తే, దానికి స్వదేశంలో ఎంత జీతం అయ్యేదో అంత మొత్తం పన్నుగా కట్టాలి. యంత్రం తనంతట తాను చేసే పనికి మాత్రం పన్ను లేదు. న్యాయమైన చట్టమే. మొదటిసారి చదివినప్పుడు నాకూ అలాగే అనిపించింది.

మరి ఉక్కు చేతి వెనక మనిషి చెయ్యి ఉందో లేదో తేల్చేదెలా? కంపెనీ మాట నమ్మడానికి లేదు. దూరాన్ని మాత్రం నమ్మవచ్చు. అక్కడి దృశ్యం ఇక్కడికొచ్చి, ఇక్కడి చేతి కదలిక అక్కడికి చేరేసరికి పావు సెకను పోతుంది. అందుకని చట్టంలో ఒక పరీక్ష రాశారు. చేప జారుడు తొట్టిలోంచి బల్ల మీద పడ్డ క్షణానికీ, కత్తి దాన్ని తాకిన క్షణానికీ మధ్య ఎంతసేపు పట్టిందో వెయ్యి చేపలకి చూస్తారు. ఆలస్యం లేకపోతే పని దేశంలోనే జరిగినట్టు. పావు సెకను వెనకబడితే పరాయి దేశంలో జరిగినట్టు, పన్ను పడినట్టు.

ఆ పావు సెకనుని మాయం చేసే పని మా ల్యాబ్‌కి వచ్చింది. మా ల్యాబ్ అధిపతి పరాంకుశం గారు దాన్ని నా బల్ల మీద పెట్టారు.

"వైరుని మనం తొందరపెట్టలేం మణిమాలా. మనిషిని పెట్టగలమేమో చూడు" అన్నారు.

చూశాను. మోచేతి కింద కట్టే పట్టీ ఒకటి తయారుచేశాను. చెయ్యి కదలాలన్న ఆలోచన నరంలోకి దిగగానే, కండ ఇంకా కదలకముందే, పట్టీ దాన్ని అందుకుని పంపేస్తుంది. దాంతో కొంత ఆలస్యం తగ్గింది. మిగతాది తగ్గాలంటే చేప పడ్డాక కాదు, పడకముందే చెయ్యి బయల్దేరాలి. అందుకని చెయ్యి ఆలస్యం చేసిన ప్రతిసారీ పట్టీ చిన్నగా చురుక్కుమనిపించేది. చీమ కుట్టినంత, అంతే. రోజుకి ఎనిమిది గంటలు చీమ కుడుతుంటే చెయ్యి ఎదురుచూడడం మానేస్తుంది.

ఇది కొత్తవాళ్ళ వల్ల కాదు. ఏ చేప ఎలా జారుతుందో, ముల్లు ఎక్కడ తగులుతుందో ముందే తెలిసినవాళ్ళు కావాలి. కాకినాడలో అలాంటి చెయ్యి ఎవరిదని అడిగితే పోర్టు దగ్గర ఎవరైనా మా అత్త పేరే చెబుతారు. మొదటి పట్టీ ఆమె చేతికే కట్టాను.

ముప్ఫై ఏళ్ళు చేపల, రొయ్యల షెడ్డుల్లో ఐసునీళ్ళలో నిలబడ్డ మనిషి. మెత్తటి కుర్చీ చూసి నవ్వింది.

"కూకుని సేప కొయ్యడవేటే అమ్మాయ్? సేప నవ్వుద్ది."

"నవ్వినా ఇక్కడికి వినపడదులే అత్తా. కూర్చో."

తెరలో చేపల బల్ల కనిపించగానే ఆమె తొడుగున్న చేత్తో తెరలోని కత్తిని లేపి కళ్ళకద్దుకుంది. ఏ పనిముట్టు పట్టినా ముందు కళ్ళకద్దుకోకుండా పని మొదలుపెట్టదు. ఆమే కాదు, ఆ హాల్లో నలభై మందీ అంతే. సముద్రం అవతల ఉక్కు చెయ్యి కూడా కత్తిని లేపి, కళ్ళు ఉండాల్సిన చోట ఉన్న కెమెరాకి అద్దుకుంది. పరాంకుశం గారికి గుండె ఆగినంత పనయింది.

"అక్కడ ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? యంత్రాలు మొక్కుతాయా? ఇది మాన్పించు" అన్నారు. మాన్పించాను. కనీసం అలా అనుకున్నాను.

రెండో రోజు అత్త తెరలోంచి వెనక గోడని చూసింది. గోడ పొడుగునా ఇనుప కొక్కేలు, ఒక్కోదాని కింద ఒక పేరు.

"ఆ గోడ మీద ఏటి రాసుందో సదువు."

"పేర్లు అత్తా. యోరన్, బ్రిట్టా, స్వెన్..."

"ఎవురాళ్ళు?"

"నీకు ముందు ఆ బల్లల దగ్గర కోసినవాళ్ళు. వాళ్ళ అప్రాన్లు తగిలించుకునే కొక్కేలవి."

ఆ కొక్కేల వరసని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది. తర్వాత, "ఆళ్ళ కత్తులేం సేశారో" అని పనిలో పడింది.

మూడో నెలలో, తొడుగులు నమోదు చేసే గీతల్లో నాకు ఒక సంగతి కనిపించింది. పట్టీ తీసేశాక కూడా అందరి చేతులూ ముందే కదులుతున్నాయి. అంటే చేతులు ఆ తొందరని ఇంటికి తీసుకెళ్తున్నాయి. నేను రిపోర్టులో ఏం రాశానో నాకు బాగా గుర్తుంది. "శిక్షణ బాగా నిలిచింది" అని రాశాను. ఆ వాక్యానికే మొదటి శాలువా.

అప్పటికే ఇంట్లో గ్లాసులు పగులుతున్నాయి. అత్త తాళం కప్ప నొక్కకముందే చెయ్యి తీసేసేది, తలుపు తెరిచే ఉండేది. దీపానికి అగ్గిపుల్ల అందకముందే విదిల్చేసేది. వయసు మీద పడుతోందని తన మీద తనే జోకులేసుకునేది. నేను విని నవ్వేదాన్ని. నాకు తెలిసీ నవ్వాను, అదే ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

ఆరో నెలలో ఒక పొద్దున అత్త మా పండుకి నీళ్ళు పోసింది. పండు మా పాప, అప్పటికి తొమ్మిది నెలలు. తువ్వాలు చుట్టి, వీధి మెట్ల మీద నిలబడి నాకు అందించింది.

"ఇదిగో, పట్టు."

నా చేతులు ఇంకా జానెడు దూరంలో ఉన్నాయి. ఆమె చేతులు విచ్చుకున్నాయి.

పిల్ల మెట్టు అంచు మీద పడింది. భుజం దగ్గర ఎముక విరిగింది. ఆరు వారాల కట్టు అన్నాడు డాక్టరు, పసి ఎముక కాబట్టి అతుక్కుంటుందన్నాడు. అతుక్కుంది. కానీ ఆ రోజు నుంచి అత్త పిల్లని ముట్టుకోలేదు. పండు పాక్కుంటూ దగ్గరికొస్తే లేచి అవతల గదిలోకి వెళ్ళిపోయేది. నాయనమ్మ ఎందుకు పారిపోతోందో తెలియక పిల్ల గుమ్మం దగ్గర కూర్చుని ఏడ్చేది. అత్త లోపల గోడ వైపు తిరిగి కూర్చునేది.

మా ఆయన సత్తిబాబు బోటు ఇంజన్ల మెకానిక్కు. గొంతు పెంచే మనిషి కాదు.

"ఏ ఇంజనైనా టైమింగు ముందుకి జరిగితే వెనక్కి తిప్పుతాం. మా అమ్మ సెయ్యి తిప్పగలవా, లేదా? అది సెప్పు" అన్నాడు.

"తిప్పగలను. అదే పట్టీ. ఆలస్యమైతే కాకుండా తొందరపడితే చురుక్కుమనేలా మార్చాలి. ఆరు నెలలు రోజూ కడితే పాత చెయ్యి వస్తుంది."

"మరింకేటి?"

ల్యాబ్‌కి వెళ్ళి పరాంకుశం గారికి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పరీక్ష రెండు నెలల్లో ఉందమ్మా. ఇప్పుడు ఒక్క చెయ్యి వెనక్కి వెళ్ళినా లెక్క తప్పుతుంది. పరీక్ష అయిపోనీ. నలభై మందికీ నేనే దగ్గరుండి చేయిస్తాను" అన్నారు. నమ్మాను. అత్తకి చెబితే ఆమె కూడా నమ్మింది.

"రెండు నెల్లేగా. ఉంటాన్లే. అప్పటికి పిల్ల నడుస్తాది కూడా. సెయ్యట్టుకుని నడిపిస్తాను" అంది.

పరీక్ష రోజు ఇక్కడ మధ్యాహ్నం పన్నెండు, అక్కడ ఉదయం. ఆ దేశపు పన్నుల శాఖ నుంచి ఒక ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. ఉన్ని టోపీ పెట్టుకున్న పొడుగాటి మనిషి. నేను తెరలో చూస్తున్నాను. హాల్లో ఆడవాళ్ళందరికీ ముందే గట్టిగా చెప్పాం, గంట మోగేదాకా చేతులు మోకాళ్ళ మీదే ఉండాలని. ఉంచారు. నలభై జతల చేతులు, ఒక్కటీ కదల్లేదు. నా కళ్ళతో చూశాను.

అక్కడ నలభై యంత్రాలు ఒక్కసారిగా కత్తుల్ని లేపి కళ్ళకద్దుకున్నాయి.

ఇన్‌స్పెక్టరమ్మ నడుస్తున్నది ఆగిపోయింది. ఏమిటిదని అడిగింది. హాల్‌స్కర్ మేనేజరు తడుముకోలేదు. పని మొదలయ్యే ముందు కెమెరా అద్దాలు సరిచూసుకుంటాయని చెప్పాడు. ఆమె ఆ యంత్రాల వైపు చాలాసేపు చూసి పుస్తకంలో ఏదో రాసుకుంది. తర్వాత గంట మోగింది. వెయ్యి చేపలు పడ్డాయి, వెయ్యి చేపలూ తెగాయి. ఆలస్యం లేదు. పరాయి దేశంలో ఎవరూ పనిచేయడం లేదని హాల్‌స్కర్‌కి సర్టిఫికెట్ వచ్చింది. నాకు రెండో శాలువా వచ్చింది.

సాయంత్రం అత్తని అడిగాను, వద్దని చెప్పాం కదా అని.

"మేం సెయ్యి కదపలేదే తల్లీ. ఒట్టు. కత్తి ముందరుంటే మొక్కుకోకుండా ఎలాగుంటాం? మనసులో అనుకున్నాం, అంతే."

మనసులో అనుకున్నదాన్ని పంపించే పట్టీ నేను తయారుచేసిందే. చెయ్యి కదలకముందే, ఆలోచన దిగగానే. అది తన పని తాను చేసింది.

వారం తిరక్కుండా హాలు మూసేశారు. ఇన్‌స్పెక్టరు ఇంకోసారి వచ్చి ఇంకోటి చూస్తే ప్రమాదమని హాల్‌స్కర్ అనుకుంది. పైగా ఎనిమిది నెలలపాటు నలభై జతల చేతుల ప్రతి కదలికా వాళ్ళ దగ్గర దాచి ఉంది. యంత్రాలకి ఇక నేర్పేవాళ్ళు అక్కర్లేదు. ఆడవాళ్ళకి ఒక నెల జీతం, ఒక స్టీలు క్యారేజీ ఇచ్చి పంపారు. క్యారేజీ చేతిలోంచి జారకుండా పట్టుకోవడానికి సగం మంది దాన్ని గుండెకి హత్తుకుని వెళ్ళారు.

నేను పరాంకుశం గారి గదిలోకి వెళ్ళాను.

"పరీక్ష అయిపోయిందండి. పట్టీలు ఇప్పించండి. మా అత్తతో మొదలుపెడతాను."

ఆయన నా వైపు చూడలేదు. "పట్టీ కట్టిన క్షణం నుంచి అది రికార్డు చేస్తుంది మణిమాలా. ఫలానా వరాలమ్మకి ఫలానా కంపెనీ పని వల్ల వచ్చిన జబ్బుకి వైద్యం అని ఎక్కడో ఒకచోట కాగితం పుడుతుంది. ఆ కాగితం వాళ్ళ పన్నుల శాఖకి దొరికితే ఎనిమిది నెలలకి, నలభై ఉద్యోగాలకి పన్ను. ఒక్కరికి వైద్యం చేస్తే నలభై మంది ఉన్నారని ఒప్పుకున్నట్టు. వాళ్ళు ఒప్పుకోరు."

"మీరు మాటిచ్చారు."

"ఇచ్చాను. పట్టీలు నా దగ్గరుండగా ఇచ్చాను."

నలభై పట్టీలూ, వాటి ప్రోగ్రాముతో సహా, అంతకు ముందు రోజే తీసుకెళ్ళిపోయారు. నేను ఉద్యోగం మానేశాను. మానేస్తే ఎవరికి ఏం ఒరిగిందని మా ఆయన అడగలేదు గానీ, నన్ను నేను రోజూ అడుగుతూనే ఉన్నాను. డ్రాయింగులు నా బుర్రలో ఉన్నాయి. ఆ నరాల భాష చదివే చిప్ మాత్రం హాల్‌స్కర్ తప్ప ఇంకెవరూ చేయరు.

అప్పుడు ఆ ఇన్‌స్పెక్టరమ్మకే ఉత్తరం రాశాను. నలభై మంది పేర్లు, నా రిపోర్టుల నకళ్ళు, విరిగిన ఎముక ఎక్స్‌రే, అన్నీ పంపాను. కత్తులు కళ్ళకద్దుకున్నది అద్దాలు సరిచూసుకోవడానికి కాదని, అది మా వాళ్ళ అలవాటని కూడా రాశాను. ఆమెకి ఆ రోజే అనుమానం వచ్చిందని నా నమ్మకం.

మూడు వారాలకి జవాబు వచ్చింది. చాలా మర్యాదగా ఉంది. మీరు పంపినవన్నీ శ్రద్ధగా చదివామని మొదలుపెట్టారు. చట్టం ప్రకారం ఆలస్యం లేని పని దేశం లోపలే జరిగినట్టు లెక్క. కాబట్టి కాకినాడలో ఎవరూ ఈ పని చేసి ఉండడానికి వీల్లేదు. ఆ పని తామే చేశామని ఈ నలభై మందీ అంటే, చట్టం దృష్టిలో వాళ్ళు ఎనిమిది నెలలు హాల్‌స్కర్ ఉన్న దేశంలో, అనుమతి లేకుండా, పనిచేసినట్టవుతుంది. సంపాదన మీద అక్కడి ఆదాయపు పన్ను, జరిమానా కట్టాలి. అలా కట్టినవాళ్ళు మాత్రం అక్కడి కార్మికులతో సమానం. పనిలో కలిగిన దెబ్బకి కంపెనీ చేత వైద్యం చేయించుకునే హక్కు ఉంటుంది. జతపరిచిన ఫారం నింపి, గుర్తింపు పొందిన కేంద్రంలో వేలిముద్ర వేసి పంపగలరు.

కాకినాడ దాటని మనుషుల్ని చలిసముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళి దొంగతనంగా చొరబడ్డవాళ్ళని చేసిన ఉత్తరం అది. నాకు ఒళ్ళు మండిపోయింది. చించేద్దామనుకున్నాను. ముప్ఫై తొమ్మిది మంది ఆ పన్ను మాట వినగానే దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. వాళ్ళని ఏమనగలను? అత్త మాత్రం చివరిదాకా చదివించుకుంది.

"ఆళ్ళకి పన్ను కడితే సెయ్యి బాగుసేత్తారా?"

"చేయించాల్సి వస్తుంది అత్తా. కానీ నువ్వు తప్పు చేసినట్టు వేలిముద్ర పెట్టాలి."

"పెడతాను. నా రెండు బంగారు గాజులూ అమ్మేసి కట్టెయ్యి. పిల్లనెత్తుకుని ఎన్నాళ్ళయిందో నీకేం తెలుసు."

మర్నాడు నలుగురం వేలిముద్రల కేంద్రానికి వెళ్ళాం. సత్తిబాబు పండుని ఎత్తుకుని బయట వేపచెట్టు నీడలో నిలబడ్డాడు. కౌంటర్లో ఒక నడివయసు ఆవిడ ఉంది, మంచి ఓపిక ఉన్న మనిషి. ఫారం నింపింది. వేలిముద్ర యంత్రాన్ని ముందుకి జరిపింది.

"వేలు పెట్టి, పచ్చలైటు వచ్చేదాకా ఉంచండమ్మా."

అత్త వేలు పెట్టింది. లైటు వెలిగేలోపే వేలు లేచిపోయింది.

"ఉంచాలండి."

"ఉంచాను గదమ్మా" అంది అత్త. ఆమె లెక్కలో ఉంచినట్టే.

రెండోసారీ అంతే. మూడోసారి అత్త పళ్ళు బిగపట్టి, మొహమంతా చెమటపట్టేలా ప్రయత్నించింది. ఎనిమిది నెలలు చీమ కుట్టించి నేర్పిన పాఠం, ఎక్కడా ఆగకూడదని. ఆగలేదు. ఎర్రలైటే వచ్చింది.

"ఇంకొక్కసారి చూస్తుందండి యంత్రం. అదీ పోతే ఫారం రద్దయిపోతుంది" అంది కౌంటరావిడ.

నేను అత్త మణికట్టుని రెండు చేతులతో పట్టుకుని వేలిని యంత్రానికి అదిమాను. నా చేతుల కింద ఆ చెయ్యి తన్నుకుంది. బలంగా, గుక్క తిప్పుకోకుండా, ఒడ్డున పడ్డ చేపలా తన్నుకుంది. నా జీవితంలో నేను కనిపెట్టింది ఇదొక్కటే, దాన్ని ఆపడం నాకే చేతకావడం లేదు. అయినా వదల్లేదు. వేలు కదల్లేదు. లైటు వెలిగింది.

ఎర్రగా వెలిగింది. తెర మీద ఏవో అక్షరాలు వచ్చాయి.

కౌంటరావిడ చదివి, నొచ్చుకుంటూ చెప్పింది. "పైన కెమెరా ఉందండి. వేరేవాళ్ళు పట్టుకుని వేయిస్తే ఒప్పుకోదు. ఒకరి చెయ్యి ఇంకొకరు వాడకూడదని రూలండి."

నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. ఆవిడ నాకు పిచ్చెక్కిందనుకుని ఉంటుంది. అత్త మాత్రం తన మణికట్టు మీద పడ్డ నా వేళ్ళ గుర్తుల్ని చూసుకుంటూ, "పోన్లేమ్మా. నీ తప్పేటుంది?" అని ఆవిడతో అంది. నాతో అనలేదు.

బయటికొచ్చాం. మా మొహాలు చూసి సత్తిబాబు వేపచెట్టు నీడలోంచి మా వైపు నడిచొచ్చాడు. పండు వాళ్ళ నాన్న భుజం మీంచి తల తిప్పి మమ్మల్ని చూసింది.

పిల్ల ఇంకా చెయ్యి చాచకముందే అత్త చేతులు రెండూ ముందుకి వెళ్ళిపోయాయి. ఆమె తర్వాత చూసుకుంది. చూసుకుని, గబుక్కున వాటిని వెనక్కి తీసుకుని చీరకొంగుతో చుట్టేసుకుంది.

అప్పుడు చాచింది పండు, నాయనమ్మ వైపు.